జుంటీగలు లేవకముందే

"వదినె, జర పక్కకు జరుగు. రేపు పొద్దుగాల ఒక్కసారి కొట్టిపోత. మాపటీలికి పురుగన్నది కనబడితే నన్నడుగు."

"పురుగు కనబడదు సరే. ఈగలు కనబడ్తయా? గా దానిమ్మ చెట్టు దిక్కు చూసినవా నువ్వు?"

"ఈగలదేముంది వదినె. ఇయ్యాల ఈ చెట్టు, రేపు ఇంకో చెట్టు. అవ్వేమన్న మనింటికి కూలికొచ్చినయా?"

"కూలికే వచ్చినయ్. నీ పత్తికి కూలోళ్ళు దొరుకుతలేరని మొత్తుకుంటవ్ గద. మా పెరట్ల పిలవకుంటనే వచ్చి పని చేసి పోతానయ్. ఆ సీసా మూత తీసినవనుకో సారయ్యా, ఈ ఇంట్ల నీకు అన్నం పెట్టేది ఎవరో జర యాది పెట్టుకో."

"చూసినవా అమ్మా. మందు తెచ్చినందుకు బుక్కెడు బువ్వ బందు పెడ్తదట నీ కోడలు."

"బువ్వ పెడ్త. మందు మాత్రం పడనియ్య."

అప్పటికి నాకు పాతికేళ్ళు నిండలేదు. పెరట్లోకి వెళ్ళే దారికి అడ్డంగా, చేతిలో చీపురుతో నిలబడి ఉన్నాను. ఎదురుగా నిలబడ్డ సారయ్య మా ఇంటాయనకు తమ్ముడు, నాకు మరిది. నర్సంపేట దిక్కు రెండెకరాలు కౌలుకు పట్టి పత్తి వేశాడు. మా దగ్గర పత్తి కొత్తగా ఊపందుకుంటున్న కాలం అది. పత్తికి కొట్టగా మిగిలిన పురుగుమందు సీసాను గోనెగుడ్డలో చుట్టి, చిన్న రేకు పంపుతో సహా బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. అన్న ఇంట్లో గుమ్మడి తీగకు పెంకు పురుగు పట్టిందని ఎవరో చెప్తే విని, మాకు మేలు చేద్దామనే వచ్చాడు. అలాంటి మనిషిని చీపురు పట్టుకుని నిలేస్తే కోపం రాక ఏమవుతుంది. అతని కోపం న్యాయమే. నా కోపం కూడా న్యాయమే, అయితే దానికి కారణం అతనికి తెలియదు. ఇంట్లో ఇంకొకరికి తెలుసు. ఆమె గడప మీద కూర్చుని చుట్ట కాలుస్తూ, మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. ఆమె మా అత్తమ్మ.

ఈ కొట్లాట ఇన్నేళ్ళకు గుర్తు రావడానికి కారణం నా మనవరాలు. మొన్న బీరువా అడుగు అర సర్దుతుంటే పాత చీరల కింద ఒక గుడ్డ మూట దొరికింది. విప్పితే చిన్న చిన్న సంచులు. జానెడు పొడుగు, మూడు వేళ్ళ వెడల్పు, పైన నాడా. ధోతి గుడ్డవి, పాతబడి పసుపు రంగుకు తిరిగాయి. "నానమ్మా, ఇవి బొమ్మల గౌన్లా?" అని అడిగింది. "కావే, కాకరకాయల లాగులు" అన్నాను. నేను పరాచికాలాడే మనిషిని కానని దానికి తెలుసు కాబట్టి కాసేపు నా మొహం చూసి, ఆ తర్వాత పడీ పడీ నవ్వింది. నవ్వడం అయ్యాక, ఇవన్నీ రాసి పెట్టు నానమ్మా అని ఒక నోటుబుక్కు తెచ్చిచ్చింది. నేను చదివింది మూడో తరగతి. నా చేతిరాత సంతలో పశువులకు వేసే ముద్రలాగా పెద్దగా ఉంటుంది, ఒత్తులు ఎగిరిపోతాయి. ఒత్తులు మనవరాలు పెడుతుంది. మాట మాత్రం నాదే ఉండాలని ఒప్పందం చేసుకున్నాం.

మట్టెవాడలో మా ఇల్లు ముందు నుంచి చూస్తే ఇరుకు. వీధికి ఒక తలుపు, ఒక అరుగు, అంతే. లోపలికి పోయిన కొద్దీ పొడుగు. అరుగు దాటితే ఒక అర్ర, దాని వెనుక వంటిల్లు, దాని వెనుక చేదబావి, ఆ తర్వాత పెరడు. పెరడంటే పెద్దదేమీ కాదు, నాలుగు మంచాలు వరుసగా వేస్తే రెండు వరుసలు పట్టేంత జాగ. అందులోనే వంకాయ, బెండ, టమాట, గోడ వారన చిక్కుడు, పందిరి మీద బీర, కాకర, ఆ పందిరి దాటి వంటింటి పెంకుల మీదికి పాకిన గుమ్మడి. ఒక మూలన దానిమ్మ చెట్టు. బావి దగ్గర గిన్నెలు తోమిన నీళ్ళు కాలువ కట్టి పాదులకు పోయేవి. పొద్దున్నే ఆ పెరట్లో అడుగు పెడితే తడి బూడిద వాసన, చిక్కుడు ఆకు వాసన, అత్తమ్మ చుట్ట వాసన కలిసి వచ్చేవి. ఇప్పటికీ పచ్చి చిక్కుడు ఆకు నలిపితే నాకు చుట్ట వాసన కూడా వచ్చినట్టే ఉంటుంది.

మా ఇంటాయన పత్తి మిల్లులో కాంటా దగ్గర పని చేసేవాడు. పత్తి వచ్చే కాలంలోనే మిల్లు ఆడేది. వానాకాలం నాలుగు నెలలు గేటుకు తాళం. ఆ నాలుగు నెలలు ఇంట్లో బియ్యానికి లోటు లేకుండా ఆయన ఏదో ఒక పని చూసుకునేవాడు కాని, కూరకు మాత్రం ఐదుగురం ఆ పెరటి మీదే బతకాలి. పెరట్లో కాస్తే కూర, లేకపోతే పచ్చిపులుసు. అంగట్లో కూరగాయలు కొనడం మా అత్తమ్మకు తలవంపు. ఒకసారి నేను తెలియక అంగట్లో వంకాయలు కొని తెస్తే, వాటిని మూడు రోజులు వండనీయకుండా గంపలో పెట్టి, వచ్చిన వాళ్ళందరికీ చూపించింది. "మా కోడలు కొనుక్కొచ్చింది" అని, అంతే, ఇంకొక మాట అనలేదు. ఆమె పద్ధతి అది. తిట్టేది కాదు. చూపించేది.

మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. వంటిల్లు కోడలిది, పెరడు అత్తది. ఎండిన సొరబుర్రలో బూడిద కలిపి, విత్తనాలు పోసి, దాని మూతికి గుడ్డ కట్టి అత్తమ్మ తన మంచం కింద పెట్టుకునేది. ఏ ఏడు మృగశిర కార్తె నాడు ఆ బుర్ర తీసి కోడలి చేతిలో పెడుతుందో, ఆ ఏటి నుంచి పెరట్లో కోడలి మాట చెల్లుతుంది. చేతకాదనిపిస్తే మళ్ళీ మృగశిరకు బుర్ర వెనక్కి తీసుకుంటుంది. వెనక్కి ఇచ్చుకున్న కోడళ్ళ కథలు మా వాడలో చాలా ఉండేవి. నా చేతికి బుర్ర వచ్చిన ఏడు నేను నేల మీద నడవలేదు. అంత గర్వంగా ఉంది. ఆ గర్వంలోనే తప్పు చేశాను.

చిక్కుడుకు నల్ల పేను పట్టింది. కొసల మీద మసి పూసినట్టు, వేలు పెడితే జిగురుగా అంటుకునేది. మందు కొనే అలవాటు మాకు లేదు. కాని నాకు పొదుపు తెలివి ఎక్కువ. అత్తమ్మ తాగి పారేసే చుట్ట పీకలు నేను పారేయకుండా ఒక చిట్టి ముంతలో దాచేదాన్ని, ఎందుకైనా పనికొస్తాయని. పొగాకు చేదుకు పురుగు చస్తుందని మా అమ్మగారింట్లో విన్నాను. ఆ పీకలన్నీ నీళ్ళలో వేసి మరగబెట్టి, చల్లార్చి, పొద్దెక్కాక ఇంటి పని తెమిలిన తర్వాత చీపురుతో చిక్కుడు మీద చిలకరించాను. బాగా చిలకరించాను. ఆకు, పువ్వు, తీగ అన్నీ తడిసేట్టు. ఖర్చు లేని మందు చేశానని నా మీద నాకు ముచ్చటేసింది.

మధ్యాహ్నానికి పేను చచ్చింది. చిక్కుడు కింద తడి మట్టి మీద జుంటీగలు కూడా పడి ఉన్నాయి. జుంటీగలంటే చిన్న తేనెటీగలు, మనిషి జోలికి రావు. దానిమ్మ కొమ్మకు అరచేయంత తుట్టె పెట్టుకుని ఉండేవి. కొన్ని వెల్లకిలా పడి కాళ్ళు ఆడిస్తున్నాయి. కొన్ని లేవబోయి పక్కకు ఒరిగిపోతున్నాయి. నాలుగు రోజుల్లో తుట్టె ఖాళీ అయింది. ఎండిన తమలపాకులాగా ఆ మైనం కొమ్మకు వేలాడుతూ ఉండిపోయింది. ఎవరూ చూడకుండా కింద పడ్డ వాటిని చీపురుతో ఊడ్చి పాదులో పూడ్చాను. అత్తమ్మ చూడలేదనుకున్నాను.

ఆ తర్వాత గుమ్మడి పిందెలు రాలడం మొదలైంది. పువ్వు కింద గోలీ అంత పిందె, మూడో రోజుకు పచ్చబడి, నాలుగో రోజుకు మెత్తబడి ఊడిపోయేది. కాకర అంతే. నేను నీళ్ళు ఎక్కువ పోశాను, పేడ ఎక్కువ వేశాను, దిష్టి తీశాను. ఒక తెల్లవారుజామున అత్తమ్మ నన్ను చేయి పట్టుకుని గుమ్మడి దగ్గరికి తీసుకుపోయింది.

"గిది చూడు. దీని కింద పిందె లేదు, ఉత్త కాడ. ఇది గొడ్డు పువ్వు. గిది చూడు, కింద పిందె ఉన్నది. ఇది పిందె పువ్వు. గొడ్డు పువ్వుల పసుపు తీస్కపోయి పిందె పువ్వుల రాస్తేనే కాయ నిలుస్తది. ఎవలు రాస్తరు?"

నేను ఈగలను పూడ్చిన పాదు దిక్కు చూశాను.

"రాసేటియి నీ చుట్ట కషాయం తాగి పోయినయ్ గద. ఇగ నువ్వు రాయి."

"రోజూనా, అత్తమ్మా?"

"ఆటికి ఐతారం సెలవున్నదా?"

ఆ సీజనంతా నేను రాశాను. తెల్లారకముందే లేచి, గొడ్డు పువ్వు తెంపి, రేకులు విరిచి, లోపలి కడ్డీని పిందె పువ్వు నడుమ మెల్లగా తిప్పాలి. పువ్వు విచ్చిన పూటే జరగాలి, పొద్దెక్కితే ముడుచుకుపోతుంది. పెంకుల మీద పూసిన వాటి కోసం నిచ్చెన ఎక్కాలి. పెంకు జారితే నడుము విరుగుతుంది. వంటిల్లు, పిల్లలు, బావి నీళ్ళు, వీటన్నిటికీ ముందు ఈ పని. రెండు తీగలకే నాకు ఒళ్ళు హూనమయ్యేది. ఆ చిన్న ఈగలు వాడ వాడంతా ఈ పని చేసి, సందెకు తమ తుట్టెకు పోయేవని అప్పుడు తెలిసింది. చదువు మూడో తరగతితో ఆగిపోయినా, ఆ వానాకాలం నేను ఇంకో బడికి పోయినట్టే లెక్క. అత్తమ్మ ఈ సంగతి మా ఇంటాయనకు గాని, సారయ్యకు గాని చెప్పలేదు. వచ్చిన వాళ్ళకు చూపించలేదు. మృగశిర వచ్చినప్పుడు బుర్ర కూడా వెనక్కి అడగలేదు. ఎందుకు అడగలేదని నేనూ అడగలేదు.

ఆ రెండో ఏటి నుంచి పెరడు నా చేతిలో వేరేగా నడిచింది. నేను మొదట నేర్చుకున్నది ఏ పువ్వు ఏ వేళకు విచ్చుతుందో చూడడం. గుమ్మడి తెల్లారుతుండగా విచ్చి, మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. కాకర పొద్దున విచ్చుతుంది. బీర పొద్దు వాలాక విచ్చుతుంది. అందుకని పెరడంతటికీ ఒకే వేళలో మందు అన్నది నా దగ్గర లేదు. గుమ్మడి ఆకుకు ఏం చేసినా సందె చీకటి పడే ముందు, ఈగలు తుట్టె చేరాక. బీర ఆకుకు చిలకరించడమే లేదు, గుడ్డ తడిపి ఆకు అడుగున తుడవడమే. కుంకుడుకాయలు నానబెట్టి పిసికిన నురుగు నీళ్ళు పేనుకు చాలు, పొగాకు అక్కరలేదు. ఆ కుంకుళ్ళు కూడా తలంటుకోగా మిగిలిన పిప్పే. వేపగింజలు ఎండబెట్టి దంచి, గుడ్డలో కట్టి రాత్రంతా నానేసిన నీళ్ళు వంకాయ పురుగుకు, అదీ సందెకే, అదీ పువ్వుకు తగలకుండా. పొయ్యి బూడిద జల్లెడ పట్టి, పలుచటి గుడ్డలో మూట కట్టి, మంచు తడి ఆరకముందే ఆకు మీద తట్టాలి. తట్టేటప్పుడు పక్కన పువ్వు ఉంటే ఎడమ చేత్తో మూసి పట్టుకోవాలి. పిల్లకు తలంటుతూ కళ్ళకు చెయ్యి అడ్డం పెడతాం చూడండి, అట్లా.

కాకరకు వేరే పురుగు. ఈగలాంటిది పిందెను పొడిచి గుడ్లు పెట్టేది. కాయ పండకముందే లోపల పురుగు పడి కుళ్ళిపోయేది. దానికి మందు వేస్తే పువ్వు మీదికి వచ్చే జుంటీగకూ తగులుతుంది. ఆలోచించి ఆలోచించి, చిరిగిన ధోతి గుడ్డతో సంచులు కుట్టాను. పువ్వు వాడి పిందె నిలిచిందని తెలిశాక సంచి తొడిగి నాడా కట్టేదాన్ని. అప్పటికి ఈగ పని అయిపోయి ఉంటుంది, పొడిచే పురుగుకు చోటు ఉండదు. పక్కింటి మేరమ్మ పెద్దదవాఖానలో ఆయాగా పని చేసేది. ఒకనాడు డ్యూటీ నుంచి వచ్చి గోడ మీది నుంచి చూసి అక్కడే నిలబడిపోయింది.

"ఏందే కౌసల్యా, కాకరకాయలకు లాగులు తొడిగినవా?"

"అవునక్కా. బరిబాత తిరుగుతానయని."

"నీ పిల్లగాడు అరుగు మీద బరిబాతనే ఉన్నడు. ముందుగాల వానికి తొడుగు."

ఆ మాట వాడంతా పాకింది. నెల రోజులు నన్ను చూసిన వాళ్ళందరూ లాగుల సంగతి అడిగారు. నవ్వుకోనిచ్చాను. కాకరకాయలు కోసే రోజు మేరమ్మకు ఆరు కాయలు పంపించాను, ఒక్కదానిలో పురుగు లేదు. మరుసటి వారం ఆమె పాత చీర ముక్క పట్టుకుని వచ్చి, కొలత చూపించమని అడిగింది. మా గోడకు అవతల కూడా కాకరకాయలు లాగులు తొడుక్కున్నాయి. ఆ రోజు నాకు కలిగిన గొప్ప ఇంతా అంతా కాదు. అత్తమ్మ ముందు మాత్రం మొహం మామూలుగా పెట్టుకున్నాను.

అంతా కుదురుకుంటున్న ఆ ఏడే, ఒక మధ్యాహ్నం సన్నటి జుమ్మని శబ్దం విని బావి దగ్గర నుంచి లేచి చూస్తే, దానిమ్మ కొమ్మ మీద పిడికెడంత నల్లటి ముద్ద కదులుతోంది. జుంటీగలు తిరిగి వచ్చాయి. పాత మైనం ఉన్న కొమ్మ కాదు, దాని పక్క కొమ్మ. నేను పిల్లలిద్దరినీ పిలిచి, ఆ మూలకు పోతే కాళ్ళు విరగ్గొడతానని చెప్పాను. దానిమ్మకు కట్టిన బట్టల తాడు విప్పి వేరే దిక్కు కట్టాను. ఎవరితోనూ అనలేదు గాని, చేసిన తప్పును క్షమించి ఇంకొక్క అవకాశం ఇచ్చినట్టు అనిపించింది. సారయ్య సీసా పట్టుకుని వచ్చింది సరిగ్గా ఆ తుట్టె నిలదొక్కుకుంటున్నప్పుడే. వారం నుంచి గుమ్మడి ఆకుల మీద ఎర్రటి పెంకు పురుగులు పడి, జల్లెడలాగా తూట్లు పొడుస్తున్న మాట నిజం. బూడిదకు కొన్ని పోయాయి, చాలా మిగిలాయి. అందుకే అతని మాటకు బలం ఉంది, నా మాటకు లేదు.

ఇప్పటి సంగతి కొంచెం చెప్పాలి. నా కొడుకు ఇల్లు హన్మకొండలో మూడో అంతస్తు. పైన మిద్దె మీద తొట్లలో మనవరాలు వంకాయ, టమాట పెంచుతోంది. ముచ్చటే. దాని దగ్గర లేని సీసా లేదు. ఒకదాని మీద ఆకు బొమ్మ, ఒకదాని మీద ఆవు బొమ్మ, ఇంకొకదాని మీద వేపచెట్టు బొమ్మ. మేము పారేయకుండా దాచుకున్న వాటినే ఇప్పుడు సీసాల్లో పోసి అమ్ముతున్నారు. అది తప్పని నేననను. ఫోనులో చూసి కొలత ప్రకారం కలుపుతుంది, నాకంటే పద్ధతిగా కలుపుతుంది. అయితే కలిపేది తొమ్మిది గంటలకు, కాఫీ తాగాక, ఎండ బాగా వచ్చి పువ్వులన్నీ విచ్చి ఉన్నప్పుడు. "ఇది నాచురల్ నానమ్మా, ఏం కాదు" అంటుంది. చుట్ట పీకలు కూడా చెట్టు నుంచి వచ్చినవే కదా. మందు ఏ బొమ్మ సీసాలో ఉందని కాదు, అది ఏ వేళకు పడుతోంది, దేని మీద పడుతోంది అన్నది మా కాలంలో ప్రశ్న. దానికి జవాబు సీసా మీద రాసి ఉండదు, చెట్టు దగ్గర నిలబడితే తెలుస్తుంది. మాకు సీసాలు కొనే స్తోమత లేదు కాబట్టి నిలబడ్డాం. స్తోమత ఉంటే మేమూ నిలబడేవాళ్ళం కాదేమో, అది కూడా ఒప్పుకోవాలి. కాని నిలబడ్డాం. నా పెరట్లో పదహారేళ్ళు జుంటీగల తుట్టె ఉంది, నా ఇంట్లో పదహారేళ్ళు అంగట్లో గుమ్మడికాయ కొనలేదు. ఆ మాట ఎవరి ముందైనా తల ఎత్తుకుని చెప్తాను.

మళ్ళీ ఆ సాయంత్రానికి వస్తే, మా ఇద్దరి గొంతులకు మా ఇంటాయన అర్రలో నుంచి బయటికి వచ్చాడు. తమ్ముడి చేతిలో సీసా, పెళ్ళాం చేతిలో చీపురు చూశాడు.

"అన్నా, నువ్వన్న చెప్పు వదినెకు. ఊళ్ళె వారం వారం కొడ్తానం. ఏమైంది మాకు?"

"నీ చేతులు వాసన చూసుకో" అన్నాను. "నిన్న కొట్టినవ్, ఇయ్యాల తలకు పోసుకున్నవ్. ఇంక వాసన పోలే. గా చేతుల్తోటి నా పిల్లల కూర మీద కొడ్తవా?"

"కడుక్కోని తింటె ఏమైతది వదినె?"

"ఈగలను ఎవలు కడుగుతరు?"

మా ఇంటాయన అంగీ భుజాన వేసుకుని, "మీ ఇద్దరి నడుమ నేను రాను, జర అట్ల బజారు దాక పోయొస్త" అని వీధి తలుపు దిక్కు నడిచాడు. ఆయన ధైర్యం అంతే.

అప్పుడు అత్తమ్మ చుట్టను గడపకు రాసి ఆర్పింది. "సారయ్య, మందు ఎప్పుడు కొడ్తవురా?" అని అడిగింది.

"పొద్దుగాలనే కొట్టాలె అమ్మా. ఎండ ముదిరితే ఆకు మాడ్తది. గాలి లేస్తే మన మీదనే పడ్తది."

"సరే. పొద్దుగాల నేనే చూస్త. గుమ్మడాకు మీద పెంకు పురుగు ఒక్కటి కనబడ్డా నువ్వు కొట్టు, ఇది అడ్డం రాదు. బుర్ర గూడ మల్ల నా మంచం కిందికి వస్తది. కనబడకుంటె నీ సీసా నువ్వు తీస్కపో. ఇగ లొల్లి బందు."

ఒక్కటి కనబడినా, అన్నది. ఆ తీగకు నూరు ఆకులుంటాయి, పెంకుల మీద ఎన్నో లెక్కే లేదు. సారయ్య నవ్వి అరుగు మీదికి పోయి కూర్చున్నాడు. నేను ఆ రోజు పిల్లలకు త్వరగా తినిపించి, పొద్దు వాలగానే పనిలో పడ్డాను. తూట్లు పడి ఎండిపోయిన ఆకులన్నీ కత్తిరించి తీసేశాను. మొదళ్ళ దగ్గర మట్టిని కొంకితో గెలికి, పైకి వచ్చిన పిల్ల పురుగులను ఏరాను. ఈగలన్నీ తుట్టె చేరాక వేపగింజల నీళ్ళు గుడ్డతో ఆకుల అడుగున తుడిచాను. మొగ్గలను ఒక్కొక్కటే చేత్తో పక్కకు వంచి తుడిచాను. పెంకుల మీద చూపు ఆనకపోయేసరికి దిగి వచ్చేశాను. పెంకు పురుగు ఎండలో పట్టబోతే ఎగిరిపోతుంది, చేతికి చిక్కదు. తెల్లారకముందు మంచు తడికి మొద్దుబారి ఉంటుంది, ఆకు తట్టితే రాలుతుంది. నా బలం అదొక్కటే.

మర్నాడు తొలి కోడి కూయగానే లేచాను. బట్టలు తడిపే చిన్న గంగాళంలో కుంకుడు పిప్పి నీళ్ళు పోసి, చంకన పెట్టుకుని తీగ కిందికి పోయాను. ఆకు కింద గంగాళం పట్టి, కాడ మీద వేలితో తడితే ఎర్రటి పురుగులు పొలపొలా నీళ్ళలో పడ్డాయి. పందిరి అయ్యాక నిచ్చెన వేసి పెంకులు ఎక్కాను. గంగాళం ఎత్తలేక గిన్నె పట్టుకున్నాను. మోకాళ్ళు పెంకులకు గీరుకుని మండాయి. తూర్పు తెల్లబడేసరికి గుమ్మడి పువ్వులు ఒక్కొక్కటే విచ్చుకోవడం మొదలైంది. ఇంకా రెండు వరుసల ఆకులు మిగిలే ఉన్నాయి. చేతి వేగం పెంచాను. చివరి ఆకు తట్టి దిగేటప్పటికి ఎండ దానిమ్మ మీద పడింది, తుట్టె మీద ఈగలు కదిలాయి.

సారయ్య మొహం కడుక్కుని, పంపులో నీళ్ళు పోసి, సీసా పక్కన పెట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. అత్తమ్మ వచ్చింది. కొంగు నడుముకు చుట్టి, పందిరి మొదటి ఆకు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క ఆకు తిప్పి అడుగు భాగం చూసుకుంటూ పోయింది. తొందర లేదు. సారయ్య ఆమె వెనకాలే, నేను సారయ్య వెనకాల. గోడ దగ్గర ఒక పెద్ద ఆకు తిప్పి, తిప్పినదాన్ని అట్లాగే పట్టుకుని ఆగింది. నేను పక్కకు వంగి చూశాను. ఆకు ఈనె మీద రెండు పెంకు పురుగులు, ఒకదాని పక్కన ఒకటి.

"ఏందమ్మా, ఆగినవ్?" అన్నాడు సారయ్య.

ఆమె బొటనవేలి గోరు రెండుసార్లు కదిలింది. ఆకు వదిలేసింది.

"ఏం లేదు. ఎండిన మట్టి బెడ్డ అంటుకున్నది" అంది, తర్వాతి ఆకు తిప్పుతూ.

పందిరి చివరిదాకా చూసి, పెంకుల మీది ఆకులను కింది నుంచే ఒకసారి చూసి, ఈ తీగకు పురుగు లేదని చెప్పింది. సారయ్య గంగాళంలో తేలుతున్న పురుగుల దిక్కు చూశాడు, నా మోకాళ్ళ దిక్కు చూశాడు. సీసాను గోనెగుడ్డలో చుట్టాడు. నేను జొన్న రొట్టె, కాకరకాయ తొక్కు పెడితే తిని, నర్సంపేట బస్సుకు పోయాడు. అత్తమ్మ గోరు కొంగుకు తుడుచుకుని, బెండకాయలు ముదురుతున్నాయి, కోసుకురమ్మని గిన్నె నా చేతికిచ్చింది.